చప్పట్లు కొట్టి వచ్చాం

పిల్లలకి మన చరిత్ర తెలియాలండీ అని తెలుగు తండ్రులు ఏడాదికి రెండుసార్లు అంటారు. దసరా సెలవుల్లో ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో ఒకసారి. మిగతా మూడు వందల చిల్లర రోజులూ ఆ పిల్లలకి తెలియాల్సినవి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. సోషల్ పరీక్షకి ముందు రోజు రాత్రి చదివితే చాలన్న తీర్మానం ఇంట్లో ఏనాడో ఏకగ్రీవంగా పాసైపోయి ఉంటుంది. ఇంటర్‌లో హెచ్ఈసీ తీసుకుంటానని పొరపాటున నోరు జారిన పిల్లాడికి మేనమామల చేత, బాబాయిల చేత మూడు రోజులు కౌన్సెలింగ్ ఇప్పిస్తారు. అలాంటి ఇంట్లోనే సెలవులు రాగానే చరిత్ర మీద ప్రేమ పొంగుకొస్తుంది. కారు కొత్తదైతే ఇంకాస్త ఎక్కువ పొంగుతుంది.

పొంగనివ్వండి, తప్పు లేదు. నా తగాదా ఆ ప్రేమ బయల్దేరడంతో కాదు. అది వెళ్ళి ఏం చూసి వస్తుందన్న దానితో.

మనవాళ్ళు చరిత్రను చూసే తీరుకి ఒక సూత్రం ఉంది. ఒక ఊరికి ఒక వింత. గోల్కొండకి చప్పట్లు, సాలార్‌జంగ్‌కి గడియారం, లేపాక్షికి వేలాడే స్తంభం, రామప్పకి నీళ్ళలో తేలే ఇటుక. మన తాతలు ఈ పంపకం ఎప్పుడు చేశారో గానీ, దాన్ని దాటి ఒక్క అడుగు పక్కకి వేసిన కుటుంబం లేదు. వెళ్ళాలి, వింత పనిచేస్తోందో లేదో సరిచూడాలి, వీడియో తీయాలి, రావాలి. ఇది యాత్ర కాదు, తనిఖీ. విద్యుత్ శాఖ వాళ్ళు మీటరు చూసుకుని పోతారే, అలాగ. "చప్పట్లు వినిపించాయా?" "వినిపించాయి." "గడియారం కొట్టిందా?" "కొట్టింది." ఇంకేముంది, చరిత్ర అంతా సవ్యంగానే ఉంది, పదండి భోజనానికి.

గోల్కొండ సంగతి చూడండి. టికెట్టు చూపించి లోపలికి అడుగుపెట్టగానే ఎత్తయిన కప్పు కింద ఒక చోటుంది. అక్కడ చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన కొండ కొసన వినిపిస్తుంది. ఆదివారం పొద్దున పదకొండింటికి అక్కడ నలభై కుటుంబాలు ఉంటాయి. నలభై కుటుంబాలూ ఒకేసారి కొడతాయి. "తాలీ బజావ్ సాబ్, జోర్ సే" అని గైడ్‌లు ఎగదోస్తుంటారు. పై నుంచి వినడానికి ముందే పంపిన బాబాయికి ఇందులో ఎవరి చప్పట్లు వినిపించాయో భగవంతుడికే తెలియాలి. అందుకని ఫోన్ చేస్తారు. "బాబాయ్, వినిపించిందా?" "ఏంటీ? సరిగా వినపడట్లేదు, సిగ్నల్ లేదు." "చప్పట్లు బాబాయ్, చప్పట్లు!" "ఆఁ ఆఁ, వినిపించింది." కుతుబ్‌షాహీ మేస్త్రీల శబ్దశాస్త్ర ప్రతిభ ఈ విధంగా సెల్‌ఫోన్‌లో ధ్రువపడుతుంది.

శత్రువు వస్తే పైకి కబురందడానికి ఈ ఏర్పాటు అని గైడ్ చెబుతాడు. మనం తలూపుతాం. మరి శత్రువు వచ్చిన నాడు ఏమైంది అని మాత్రం ఎవరూ అడగరు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల పాటు ఈ కోట చుట్టూ దిగబడింది. వానలకీ, కరువుకీ, రోగాలకీ సగం చచ్చింది. గోడలు కూలలేదు. ఆఖరికి లోపలి అధికారి ఒకడు లంచం పుచ్చుకుని రాత్రివేళ తలుపు తీశాడు. శబ్దశాస్త్రం అంతా అక్కడే ఉంది, కప్పు అక్కడే ఉంది, చప్పట్లు కొట్టిన నాథుడే లేడు. అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్ళంతా గాయాలతో కూలబడిపోయేదాకా పోరాడాడు. సుల్తాన్ తానీషాను పట్టుకుపోయి దౌలతాబాద్ కోటలో పెట్టారు, అక్కడే పోయాడు. తలుపు ఎందుకు తీశాడు, ఎంతకి తీశాడు, లారీకి మాత్రం ఎందుకు అమ్ముడుపోబుద్ధి కాలేదు? ఇంటికి చేరేదాకా కారులో మాట్లాడుకోదగిన సరుకిది. ఎమ్మెల్యేలు రాత్రికి రాత్రి కండువాలు మార్చుకుంటే వారం రోజులు రచ్చబండ నడిపే జాతికి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. కానీ కారులో నడిచే చర్చ వేరు: వీడియోలో చప్పట్ల శబ్దం సరిగా పడిందా లేదా.

ఇంకో పావుగంట పైకెక్కాక తండ్రిగారు ఆయాసం తీర్చుకుంటూ జ్ఞానబోధ మొదలుపెడతారు. "ఇదిగో, కోహినూర్ ఈ కొండలోనే దొరికిందిరా." కొడుకు చుట్టూ చూస్తాడు. ఉన్నది నల్లబండ. గోల్కొండ వజ్రాలంటే గోల్కొండలో తవ్వినవి కావు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో తవ్వి ఈ రాజ్యపు బజార్లలో అమ్మినవి. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దంలో కొల్లూరు వెళ్ళి, అక్కడ ఆడా మగా పిల్లా పీచూ కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ళ అడుగున ఉంది. ఇవేవీ చెప్పకపోయినా నష్టం లేదు, తప్పు చెప్పకుండా ఉంటే చాలు. కానీ చెప్పకుండా ఉండటం తండ్రుల వల్ల అయ్యే పని కాదు.

ఆ మెట్ల పక్కనే గోడల్లో మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కరెంటూ మోటారూ లేని రోజుల్లో కొండ మీదికి అంచెలంచెలుగా నీళ్ళెక్కించిన ఏర్పాటు తాలూకు గొట్టాలవి. అయిదో అంతస్తుకి నీళ్ళు రావడం లేదని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో గొంతు చించుకునే పెద్దమనిషి సరిగ్గా వాటి పక్కనుంచే, చిప్స్ ప్యాకెట్ పళ్ళతో చింపుకుంటూ పైకి వెళ్ళిపోతాడు. గొట్టాలు వింతల జాబితాలో లేవు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సన్నివేశం ఇంకా రమ్యం. ఇక్కడ వింతకి ముహూర్తం కూడా ఉంది. పదకొండున్నర దాటిన దగ్గర్నుంచి భవనం లోపల గాలి మారుతుంది. పచ్చరాతి పిడిబాకుల దగ్గర, రాతప్రతుల దగ్గర, చైనా పింగాణీల దగ్గర అప్పటిదాకా బద్ధకంగా తిరుగుతున్న జనానికి ఒక్కసారిగా కాళ్ళు వస్తాయి. "ఏవండీ, పన్నెండు కావస్తోంది!" "చింటూగాడేడీ?" "కత్తుల దగ్గర." "లాక్కురండి!" సినిమా హాల్లో టైటిల్స్ పడుతుంటే సీట్లు వెతుక్కునే హడావిడి. కుర్చీలు నిండిపోతాయి, పిల్లలు భుజాలెక్కుతారు, నూట యాభై ఫోన్లు గాల్లోకి లేస్తాయి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారంలో చిన్న తలుపు తెరుచుకుంటుంది. వేలెడంత గడ్డపాయన బయటికి వస్తాడు. పన్నెండు సార్లు గంట కొడతాడు. జనం గొంతు కలిపి లెక్కపెడతారు. పన్నెండో దెబ్బకి హర్షధ్వానాలు. ఆయన లోపలికి పోతాడు, సగం జనం బయటికి పోతారు.

అనుభవజ్ఞులు ఒంటిగంటకి రారు. ఒక్క దెబ్బే కదా, టికెట్టు డబ్బులు గిట్టవు.

ఆ గడియారంలోనే ఒక కమ్మరి ఉన్నాడు. సెకనుకో దెబ్బ చొప్పున, చూసేవాళ్ళున్నా లేకపోయినా, సుత్తి ఆడిస్తూనే ఉంటాడు. వాడి ముఖం చూసేవాళ్ళు లేరు. గంటకోసారి దర్శనమిచ్చే గడ్డపాయనకే కుర్చీలూ కెమెరాలూ. (ఏ ఆఫీసులోనైనా గుమాస్తాగా పనిచేసిన వాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.)

రెబెక్కా దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగుతారు. అది రెండో వింత, సాలార్‌జంగ్‌కి ప్రత్యేక కోటా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో మేలిముసుగు చెక్కాడు. ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది. "పాలరాయే అంటారా?" "మరి? ప్లాస్టిక్కా?" "ముట్టుకుంటే తెలిసేది." అక్కడ కాపలా ఆయన ఈల వేస్తాడు. ఆ ఈలతో కళాసమీక్ష ముగుస్తుంది.

ఆ తర్వాత మ్యూజియం అంతటా మారుమోగే మాట: "ఇదంతా ఒక్క మనిషి పోగేశాడట!" తమాషా ఏమిటంటే ఆ రెబెక్కాను రోములో 1876లో కొన్నది తాతగారు, మొదటి సాలార్‌జంగ్. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పుట్టింది 1889లో. పుట్టడానికి పదమూడేళ్ళ ముందు షాపింగ్ చేయడం నవాబులకైనా కష్టం. పోగేసిన దాంట్లో సింహభాగం మనవడిదే, కాదనను. దివాన్‌గిరీ చిన్న వయసులోనే వదిలేసి, మిగతా జీవితమంతా, ఉన్న ఆస్తంతా ఇందులో పోశాడు. కుటుంబాలు దీని మీద కూడా చర్చించుకుంటాయి, అయితే తమ పద్ధతిలో. "ఇన్ని కొని ఎక్కడ సర్దుకున్నాడో మహానుభావుడు!" "పెళ్ళి చేసుకోలేదట." "అదీ సంగతి." ఆ రెండు ముక్కల్లో ఒక జీవితచరిత్ర, ఒక దాంపత్యచరిత్ర రెండూ పూర్తయ్యాయి. ఆయన 1949లో వారసుల్లేకుండా పోయాక ఆ సరుకంతా ఏమవుతుందోనని ఎంత కంగారు పడ్డారో, 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ చేత తెరిపించి, 1961లో పార్లమెంటు చట్టం చేసి, 1968లో మూసీ పక్క ఈ భవనంలోకి ఎలా తరలించారో, ఆ కథ గోడ మీద చదువుకోవచ్చు. గోడ మీద చదవడానికి గోడవైపు తిరగాలి. మనం గోడకి వీపు పెట్టి నిలబడతాం, ఫొటో కోసం.

ఆ వీపు పెట్టే కళకి పరాకాష్ఠ జంట బొమ్మ దగ్గర చూడాలి. ఒకే దుంగలో ముందువైపు తల ఎగరేసిన మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచుకున్న మార్గరెట్. వెనకవైపు కనిపించాలని అద్దం పెట్టారు. అద్దం పెట్టడమే పాపమైంది. మార్గరెట్‌ను ఫొటో తీసిన ప్రతివాడి ఫోన్లోనూ ఆమె పక్కన ఫోన్ పట్టుకున్న తనే పడతాడు. జ్ఞానం కోసం, సుఖం కోసం ఆత్మను దయ్యానికి రాసిచ్చిన పండితుడి కథ తాలూకు పాత్రలవి. ఆ రాసిచ్చిన పత్రం గురించి తెలియకుండానే, సెల్ఫీకి బదులు ఏదైనా ఇచ్చేసేలా నిలబడి ఉంటాం.

లేపాక్షిలో పరీక్ష ఇంకొంచెం శ్రమతో కూడినది. వంగాలి. వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం నేలకి పూర్తిగా ఆనదు. దాని కిందనుంచి గుడ్డ దూర్చి అవతలికి లాగాలి. అలా లాగితే ఇంటికి మంచిదని ఒక నమ్మకం కూడా తోడైంది. ఇంక అడ్డేముంది? చున్నీలు, తువ్వాళ్ళు, కండువాలు, చేతిలో ఏమీ లేనివాళ్ళకి పక్కవాళ్ళ న్యూస్‌పేపరు. యాభై ఏళ్ళ పెద్దమనిషి మోకాళ్ళ మీద కూలబడి, చెంప నేలకానించి, ఫోన్ టార్చి వేసి సందులోకి చూస్తుంటాడు. "ఉందండీ, గ్యాప్ ఉంది!" చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు.

సరిగ్గా ఆ వంగిన నడుముల పైన, కప్పు నిండా, విజయనగర కాలపు బొమ్మలున్నాయి. 16వ శతాబ్దంలో అచ్యుత దేవరాయల ఏలుబడిలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. ఆ కాలపు కుడ్యచిత్రాలు ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆడవాళ్ళ కొప్పులు, మగవాళ్ళ పొడుగాటి టోపీలు, కళ్ళ కొసలు, అన్నిటికంటే చీరలు. ఎన్ని రకాల అంచులు, ఎన్ని రకాల గళ్ళు! వెనక లతామండపంలో ఒక్కో స్తంభం మీద ఒక్కో నమూనా చెక్కారు, అవి ఈనాటికీ చీరల అంచుల్లోకి దిగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మన వదినగారిని చూడండి. వచ్చే దారిలో ధర్మవరంలో ఆగి పట్టుచీరల కొట్లో మూడు గంటలు కూర్చున్నారు. రెండు వందల అంచులు వేలితో తడిమి, "ఈ డిజైన్ కొత్తగా లేదండీ" అని సేల్స్‌మన్ చేత చెమటలు పట్టించారు. ఆ అంచుల పుట్టిల్లు ఆవిడ నెత్తిమీద ఉంది. ఆవిడ కిందికి చూస్తున్నారు.

రామప్ప దగ్గర నిలిచిపోతే ఈ వ్యాసం తెల్లారిపోతుంది కనుక త్వరగా కానిద్దాం. 1213 నాటి గుడి, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం అక్కడే నిలబడి ఉంది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. వింత: శిఖరంలోని ఇటుక నీళ్ళలో తేలుతుంది. ఉపవింత: ఒక శిల్పం కాలికి ఎత్తుమడమల చెప్పు. "హైహీల్స్ మనవాళ్ళే కనిపెట్టారు సార్" అని గైడ్ చెప్పగానే జనంలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ప్రపంచం మొత్తం మన దగ్గర్నుంచే కొట్టేసిందన్న అనుమానం మనకి ఎలాగూ ఉంది, చెప్పుల దొంగతనం కూడా బయటపడింది. అదే గుడిలో వరసగా చెక్కిన నర్తకుల, మద్దెలవాళ్ళ భంగిమలు చూసి, జాయపసేనాని 'నృత్తరత్నావళి'ని పక్కన పెట్టుకుని, నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ లేపి నిలబెట్టారు. అంటే ఒక మనిషి ఆ రాళ్ళను నిజంగా చూస్తే ఒక నాట్యం బతికి వచ్చింది. లక్ష మంది చెప్పులు చూస్తే ఒక ఫార్వర్డ్ మెసేజీ పుట్టింది.

ఈ గర్వం గురించి ఒక ముక్క అనకపోతే నాకు నిద్రపట్టదు. మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో అని కళ్ళనీళ్ళతో చెప్పే నోటితోనే ఆ పూర్వీకుల గోడ మీద గుట్కా ఉమ్మగలం. బాణం గుచ్చిన గుండె, దాని కింద రెండు పొడి అక్షరాలు, మధ్యలో ప్లస్ గుర్తు. ఇవి లేని కోట తెలుగునాట లేదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో చట్టాన్ని బిగించారు. బోర్డు కూడా పెట్టారు. గుండెలు ఆ బోర్డు మీద కూడా ఉన్నాయి. కాకతీయులు దానశాసనాల చివర, దీన్ని చెరిపినవాడు పురుగై పుడతాడని శాపనార్థాలు పెట్టేవారు. లక్ష రూపాయల కంటే అవే నయమేమో.

ఇక హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం. శుక్రవారం వెళ్ళి తాళం చూసి, "పోనీ జూకి పోదాం" అని ఆటో ఎక్కిన వాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. శుక్రవారం కాకుండా వెళ్ళినవాళ్ళు మాత్రం ద్వారం దగ్గరే అడుగుతారు: "మమ్మీ ఎటండీ?" చోళ కంచు బొమ్మలు, బౌద్ధ శిల్పాలు, అజంతా చిత్రాల ప్రతులు అన్నీ దారి చూపించే బాణం గుర్తుల స్థాయికి దిగిపోతాయి. మమ్మీ దగ్గర ఏడేళ్ళ పిల్ల ఒకతె గాజుకి ముక్కు ఆనించి అడుగుతుంది: "నాన్నా, ఈమె ఇక్కడికెందుకొచ్చింది?"

ఆ మ్యూజియంలో ఆ రోజు అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. నైలు ఒడ్డున చనిపోయిన అమ్మాయి మూసీ ఒడ్డున ఎందుకు పడుకుని ఉంది? ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌన్లు పెట్టి కొని, ఏడో నిజాంకి కానుకగా ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. చచ్చిపోయిన మనిషిని కొనుక్కోవడం ఏమిటి, అమ్మినవాడెవడు, వాళ్ళ దేశం వాళ్ళు ఊరుకున్నారా, కానుకగా శవాన్నిస్తే మామగారి కొడుకు ఏమనుకున్నాడు? ఏడేళ్ళ పిల్లకి ఇవన్నీ వరసగా తడతాయి. నలభై ఏళ్ళ నాన్నకి తట్టిన జవాబు: "గాజు ముట్టుకోకు."

కుటుంబాలనే దులపడం అన్యాయం. మ్యూజియాల వాళ్ళు తక్కువ తిన్నారా? తెలుగునాట ఏ జిల్లా మ్యూజియానికైనా వెళ్ళండి. "విష్ణువు. నల్లరాయి. 12వ శ." అంతే. పక్కన ఇంకో విష్ణువు. నల్లరాయి. 12వ శ. ఏ ఊరి విష్ణువు, చెయ్యి ఎలా విరిగింది, ఏ చెరువు పూడిక తీస్తుంటే బయటపడ్డాడు, దొరికిన రోజు ఆ ఊరివాళ్ళు పసుపు కుంకాలు పెట్టి పంపమని మొండికేశారా లేదా? కథంతా రిజిస్టరులో ఉంటుంది, రిజిస్టరు బీరువాలో ఉంటుంది, బీరువా తాళం సెలవులో ఉన్న ఆయన దగ్గర ఉంటుంది. హాలు సరిపోక ఆవరణలో వేపచెట్టు కింద నిలబెట్టిన వీరగల్లులకైతే ఆ మూడు ముక్కల చీటీ కూడా లేదు. ఊరి ఆవుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చిన మనుషుల బొమ్మలవి. ఇప్పుడు వాటికి ఆనించి స్కూటర్లు పెడుతున్నారు. ఇలా పెట్టి, జనం గడియారం చుట్టూ మూగుతున్నారని వాపోతే ఎలా? గడియారం కనీసం గంటకోసారి నోరు విప్పుతుంది.

నాగార్జునకొండ లాంటి చోట కథ ఎంత పెద్దదో, దాన్ని ఎంత బాగా దాచామో చూడండి. కృష్ణ లోయలో ఇక్ష్వాకుల రాజధాని. 1926లో ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1955 డిసెంబరులో ఆనకట్టకి శంకుస్థాపన. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఉరుకులు పరుగుల మీద తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని ఇటుక ఇటుకా లెక్కపెట్టి కొండ మీదికి మోసి మళ్ళీ కట్టారు. ఒక ఊరిని నీళ్ళు మింగుతుంటే దాని జ్ఞాపకాల్ని నెత్తినెత్తుకుని గుట్టెక్కిన కథ! అప్పట్లో కొండ అన్నది ఇప్పుడు దీవి. లాంచీలో వెళ్ళాలి. అదే కొంప ముంచింది. కుటుంబానికి లాంచీయే వింత అయిపోయింది. "బోటింగ్ సూపరండీ." "మ్యూజియం?" "పైన ఏవో రాళ్ళున్నాయి. ఎండగా ఉంటే మేం చెట్టు కిందే ఉండిపోయాం." తాము తేలుతూ వచ్చింది ఒక నగరం నెత్తిమీదుగానని ఆ లాంచీలో ఎవరూ అనుకోరు. అందరూ ఒకే పక్కకి వచ్చి ఫొటో తీసుకుంటుంటే, సరంగు "ఒరిగిపోద్ది, అటు జరగండి" అని కేకలేస్తుంటాడు.

అమరావతికైతే వింత కూడా మిగల్లేదు పాపం. రాళ్ళలో కొన్ని సున్నం బట్టీలకి పోయాయి, పెద్ద వాటా మద్రాసు మ్యూజియానికి, వంద పైచిలుకు లండన్‌కి పోయాయి. గుంటూరు నుంచి 30 చిల్లర కిలోమీటర్లు. బైపాస్ మీద కొత్త హోటల్ తెరిస్తే బిర్యానీ కోసం అంతకంటే దూరం పోతాం. అయినా అటు తొంగిచూడని దంపతులు, కోడలి పురిటికి లండన్ వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియం చూస్తారు. అక్కడ టికెట్టు లేదు, అది మొదటి ఆకర్షణ. అక్కడి వింతలు రోసెట్టా రాయి, ఈజిప్టు మమ్మీలు. వాటి తనిఖీ ముగించి కాళ్ళు లాగుతున్నాయని బల్ల మీద కూలబడి మామగారు అంటారు: "మనవాళ్ళు కూడా ఇలా నీట్‌గా పెట్టొచ్చు కదండీ." అదే భవనంలో, గాజు తలుపు వెనక, ఆయన ప్రాంతం తాలూకు సున్నపురాయి పలకలు గోడంతా నిలబడి ఉన్నాయి. మహా అయితే రెండు గదుల అవతల.

విమర్శించడం తేలిక, పరిష్కారం చెప్పమంటారు మీరు. చెబుతాను, ప్రభుత్వాలు రెండూ వినాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒకటి, విజయవాడ శివార్లలో ఒకటి, వింతల మాల్ కట్టాలి. గ్రౌండ్ ఫ్లోర్‌లో చప్పట్ల ద్వారం. పై అంతస్తులో స్పీకరు పెడితే ప్రతి కుటుంబం చప్పట్లూ విడివిడిగా, వాళ్ళ ఇంటిపేరుతో సహా వినిపిస్తాయి, బాబాయికి ఫోన్ చేసే ఖర్చు మిగులుతుంది. మొదటి అంతస్తులో గడియారం. గంటకోసారి కాదు, అయిదు నిమిషాలకోసారి, ప్రతిసారీ పన్నెండు దెబ్బలే. రెండో అంతస్తులో నాలుగు మూలలా గాలిలో తేలే స్తంభం. ఒక మూల అంటుకుందేమోనన్న సందేహం ఉండదు. చున్నీ కౌంటర్లో అద్దెకి. పక్కనే గాజు తొట్లో ఇటుక. ఎప్పుడు చూసినా తేలుతూనే ఉంటుంది. మమ్మీకి ఏసీ గది. ఎక్కడికక్కడ "ఐ లవ్" అని పెద్ద అక్షరాలు, వాటి పక్కన ఖాళీ సున్నపు గోడ ఒకటి, గుండె గీసుకోవడానికి మేకుతో సహా. నలభై అయిదు నిమిషాల్లో ఆంధ్ర తెలంగాణ చరిత్ర సమస్తం పూర్తి. బయటికి వచ్చేచోట పిల్లలకి 'నేను చరిత్ర చూశాను' అని సర్టిఫికెట్. ఈఏపీసెట్‌లో వెయిటేజీ ఇస్తే ఇంకా మంచిది, తల్లిదండ్రులు రెండుసార్లు తీసుకొస్తారు.

అప్పుడు అసలు గోల్కొండ, అసలు లేపాక్షి, అసలు రామప్ప గబ్బిలాలకీ, ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులకీ, ముక్కు గాజుకి ఆనించే ఆ ఏడేళ్ళ పిల్లకీ మిగులుతాయి.

పథకం పకడ్బందీగానే ఉందని మురిసిపోతూ మా పెద్దత్తయ్యకి వినిపించాను. తెలుగునాట కుటుంబ యాత్రలన్నీ ఆఖరికి తేలేది అలాంటి పెద్దత్తయ్యల కోర్టులోనే. ఆవిడ గడియారం సంగతి విన్నారు, తలూపారు. స్తంభం సంగతి విన్నారు, బాగుందన్నారు. ఏసీ అంటే మరీ సంతోషించారు.

"మరి పులిహోర ఎక్కడ కూర్చుని తింటాం?"

మాల్ కదా, బయటి తినుబండారాలు లోపలికి రానివ్వరు, ఫుడ్ కోర్టు ఉంటుంది అన్నాను.

"ఎంతట ప్లేటు పులిహోర?"

మాల్ ధర చెప్పాను.

"చాల్లే ఊరుకో. నాలుగు గంటలకి లేచి అంత చింతపండు పులుసు ఉడకేసుకునేది ఎందుకు? అరిటాకు పరుచుకోవడానికి ఒక చెట్టు లేని చోట చరిత్రేమిటి నీ మొహం? నాగార్జునకొండకే పోదాం. లాంచీ ఎన్నింటికో కనుక్కో."